శ్రీ తీసెయ్, ఎంటర్ కొట్టు

ముక్తేశ్వరంలో వెలసిన శివుడి పేరు క్షణ ముక్తేశ్వరుడు. మిగతా చోట్ల ముక్తికి జన్మలు పడితే ఇక్కడ క్షణం చాలునని భక్తుల నమ్మకం. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి, గౌతమి దాటి ఐనవిల్లి మండలంలో అడుగుపెట్టే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. గ్రంథాలయ కేటలాగులకి కూడా ఇలాంటి క్షణ ముక్తి ఏనాడో వచ్చిందన్న సంగతే చాలామందికి తెలీదు. పదివేల పుస్తకాల రికార్డుల్లో ఒకే తప్పు ఉంటే పదివేల సార్లు కూర్చుని దిద్దక్కర్లేదండి. తప్పేదో, ఒప్పేదో ఒక్కసారి చెప్పి మీట నొక్కితే, కప్పులో టీ చల్లారేలోగా అన్నీ మారిపోతాయి. కంప్యూటరు వాళ్లు దీన్ని బ్యాచ్ ఎడిటింగ్ అంటారు. మనం మూకుమ్మడి సవరణ అనుకుందాం. పైగా ఇది చేసిపెట్టే సాఫ్ట్‌వేర్‌కి పైసా ఖర్చు లేదు.

ఉచితం అన్న మాట చెవినపడితే మన రాష్ట్రంలో గాఢనిద్రలో ఉన్నవాడు కూడా లేచి ఆధార్ కార్డు వెతుక్కుంటాడు. ఉచిత బస్సుంది, ఉచిత గ్యాసుంది, ఉచిత ఇసుకుంది. ఉచిత సాఫ్ట్‌వేర్ మాత్రం తలుపు తీసి పెట్టుకుని పాతికేళ్లుగా కూర్చున్నా పలకరించేవాడు కరువయ్యాడు. కారణం కనిపెట్టడం కష్టమేమీ కాదు. దానికి శంకుస్థాపన చెయ్యలేం. శిలాఫలకం మీద పేరు చెక్కించుకోలేం. ఫ్లెక్సీలో పక్కన నిలబెట్టుకుని ఫొటో దిగలేం. అన్నిటికీ మించి, దానికి టెండరు లేదు. టెండరు లేని చోట ఉత్సాహం కూడా ఉండదన్నది మన పరిపాలనా శాస్త్రంలో మొదటి సూత్రం.

ఆ ఉచిత సాఫ్ట్‌వేర్లు ఎక్కడివో ఒక్కసారి చూద్దాం. న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అనే ప్రాంతం ఉంది. అక్కడి గ్రంథాలయాల వాళ్లు, తమ పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం గడప దాటలేదని భయపడి కొత్తది రాయించుకున్నారు. ఆ జనవరిలోనే వాడకం మొదలుపెట్టి, లోకమంతా వాడుకోమని వదిలేశారు. అదే కోహా. పుస్తకాల రికార్డులని మూకుమ్మడిగా సవరించే పనిముట్టు అందులోనే ఉంది. అమెరికాలో టెర్రీ రీస్ అనే గ్రంథాలయ ఉద్యోగి తన పని సులువు చేసుకోవడానికి, రికార్డులు సవరించే మార్క్ఎడిట్ రాసుకుని, ఊరికే పంచిపెడుతున్నాడు. చిందరవందర పట్టికలని శుభ్రం చేసే ఓపెన్‌రిఫైన్ 2010లో వేరే పేరుతో పుట్టి, కొన్నాళ్లు గూగుల్ ఇంట పెరిగి, 2012లో జనం సొత్తయింది. పరాయి సొమ్ము మాకొద్దనే స్వాభిమానులకి కూడా వంక దొరకదు. న్యూజెన్‌లిబ్ అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ మన హైదరాబాదులోనే తయారై, 2008లో మూల సంకేతంతో సహా అందరి చేతికీ వచ్చింది. ప్రభుత్వ గ్రంథాలయాల కోసం ఎన్ఐసీ వారి ఇ-గ్రంథాలయ ఉండనే ఉంది.

ఇన్ని ఉన్నాక కూడా తెలుగు పుస్తకం కేటలాగులో దొరకదేమిటని అడక్కండి. మన తప్పులు అంత బలిష్ఠమైనవి. అను ఫాంటులో కొట్టిన రికార్డు తెర మీద తెలుగులాగే కనబడుతుంది. లోపల ఉన్నవి వేరే అక్షరాల సంకేతాలు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే విశ్వనాథ వారు కాస్తా పిచ్చి గుర్తుల వరసగా దర్శనమిస్తారు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దక్కింది. మన బీరువాల్లోకి అది నడిచి వస్తోంది, ఇంకా దారిలోనే ఉంది.

ఇంకో పెద్ద ముచ్చట చెప్పుకోవాలి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలని కంప్యూటర్లోకి ఎక్కించాలని సంకల్పించారు. ఆ సంకల్పంలోంచి వచ్చిందే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. అందులో తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. పుస్తకాలని పేజీ పేజీ స్కాన్ చేశారు. పేర్లు మాత్రం రోమన్ లిపిలో రాశారు. దీర్ఘానికి రెండు ఏలు పెట్టి, సున్నాకి బదులు ఎన్ అక్షరం రాసి, దాని పక్కన అపాస్ట్రఫీ తగిలించారు. ఆ లెక్కన ఆంధ్ర అన్న మాటకి నెత్తిన కొమ్ము మొలిచింది. మామూలు స్పెల్లింగుతో ఆంధ్ర చరిత్ర కోసం వెతికినవాడికి ఆంధ్రా దొరకలేదు, చరిత్రా దొరకలేదు. 2017లో ఆ సైటు మూతపడింది. పుణ్యం కట్టుకున్నవాళ్లు పుస్తకాలని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టారు కనక ప్రాణాలు దక్కాయి. కొమ్ములూ దక్కాయి. వాటిని పీకి, పేర్లని తెలుగులో రాసి జాబితాలు తయారుచేసినవాళ్లలో తెలుగు వికీపీడియా ఔత్సాహికులున్నారు. జీతాలు తీసుకునేవాళ్లు స్కాన్ చేసిన పుస్తకాలకి జీతం లేనివాళ్లు పేర్లు పెట్టారన్నమాట.

అయినా ఆ కొమ్ముకి నేను దండం పెడతాను. అది క్రమం తప్పని తప్పు. సున్నా వచ్చిన చోట ఎన్, పక్కన అపాస్ట్రఫీ. ఎక్కడైనా అదే. అలాంటి తప్పుకి మూకుమ్మడి సవరణ ఒక్క దెబ్బ చాలు. తప్పుని కూడా నియమంగా చేసినవాడు మహానుభావుడు. ఒకే పుస్తకాన్ని సోమవారం ఒకలా, మంగళవారం ఒకలా, జీతం రోజున అసలు ఎలాగూ కాకుండా రాసినవాడి తప్పుకి ఏ సాఫ్ట్‌వేరూ మందు వెయ్యలేదు. అక్కడ మనిషి కావాలి, మనిషికి తెలుగు రావాలి. ఈ రెండూ ఒకే జీతంలో దొరకాలంటే మన వాళ్లకి ప్రాణం మీదికొస్తుంది.

మనిషి లేకుండా మీట ఒక్కటే దొరికితే ఏమవుతుందో చూద్దాం. ఒక ఆఫీసు ఉందనుకోండి. అది ఎక్కడుందో మీరే ఊహించుకోండి, మీ ఊహ తప్పవదు. రచయితల పేర్ల ముందు కొన్నిట్లో శ్రీ ఉంది, కొన్నిట్లో లేదు. పై అధికారి గారికి క్రమశిక్షణ పట్టుకుంది.

“పేర్ల ముందు ఈ శ్రీలేమిటయ్యా, పెళ్లి శుభలేఖలా? తీసెయ్.”

“అన్నిట్లోనూనా అండీ?”

“అన్నిట్లోనూ. ఒకేసారి మార్చే బటనేదో ఉందన్నావుగా?”

“ఆయ్, ఉందండి.”

“మరింకేం? కొట్టు.”

కొట్టాడు. శ్రీనాథుడు నాథుడయ్యాడు. శ్రీపాద వారికి పాదమే మిగిలింది. శ్రీరంగం శ్రీనివాసరావు గారు రంగం నివాసరావుగా కొత్త జన్మ ఎత్తారు. ఆయనే శ్రీశ్రీ అన్న పేరుతో ఉన్న రికార్డుల్లో రచయిత గడి శుభ్రంగా ఖాళీ అయిపోయింది. తెలుగు కవిత్వాన్ని అటునుంచి ఇటు తిప్పినవాణ్ణి ఒక చిన్న మీట అయిపు లేకుండా చేసేసింది. మహాప్రస్థానం అట్ట ఉంది, పేజీలున్నాయి, ధర ఉంది, రాసినవాడు మాత్రం లేడు. ఇంతటితో ఆగితే బాగుండును. సవరణ పేర్ల గడి దాటి అన్ని గడుల్లోకీ జొరబడింది. శ్రీకాకుళం కాకుళమైంది. శ్రీలంక చరిత్ర లంక చరిత్రైంది. అది చూసి మన గోదారి పాయల మధ్య లంక గ్రామాల వాళ్లు, ఇన్నాళ్లకి మా గురించి కూడా ఒకడు పుస్తకం రాశాడని పొంగిపోతారు.

దీనికి విరుగుడు పెద్ద విద్యేమీ కాదు. శ్రీ అన్నది గడి మొదట్లోనే ఉండాలి, దాని వెనక ఖాళీ ఉండాలి, ఆ ఖాళీ తరవాత ఇంకో పేరుండాలి. ఈ మూడూ కలిస్తేనే తీసెయ్యమని చెప్పాలి. ఇలా షరతు పెట్టి చెప్పే భాష కోహాకి, మార్క్ఎడిట్‌కి, ఓపెన్‌రిఫైన్‌కి వచ్చు. సవరించే ముందు ఏవేవి మారబోతున్నాయో జాబితా చూసుకోవచ్చు. పాత ఫైలుకి నకలు తీసి దాచుకోవచ్చు. ఓపెన్‌రిఫైన్ అయితే వేసిన ప్రతి అడుగూ రాసిపెట్టుకుంటుంది, ఎక్కడికి కావాలంటే అక్కడికి వెనక్కి తీసుకెళుతుంది. కానీ వెనక్కి వెళ్లాలంటే ముందు తప్పు జరిగిందని తెలియాలి. తప్పు జరిగిందని తెలియాలంటే శ్రీశ్రీ ఎవరో తెలియాలి. అసలు గండం ఇక్కడుంది.

క్రమశిక్షణ తరవాత వర్గీకరణ జ్వరం వస్తుంది. పుస్తకం తెరవకుండా, పేరు చూసి నంబరు వేసే నియమం ఒకటి రాస్తారు. డ్యూయీ పద్ధతిలో ఆటలకి 796. కాబట్టి చలం నవల మైదానం వెళ్లి క్రికెట్ పుస్తకాల పక్కన కూర్చుంటుంది. అందులోని రాజేశ్వరి ఏ స్థానంలో ఫీల్డింగు చేస్తుందో ఆటల పోటీకి సిద్ధమవుతున్న కుర్రాడు చదివి తెలుసుకుంటాడు. రావిశాస్త్రి నవల అల్పజీవి సూక్ష్మజీవుల అరలో చేరుతుంది. అక్కడైనా అందులోని సుబ్బయ్యని ఎవరూ దబాయించకపోతే సంతోషమే. పాలగుమ్మి పద్మరాజు గాలివాన వాతావరణ శాస్త్రంలోకి పోతుంది. తెలుగు సాహిత్యానికి 894.827 అనే సొంత నంబరు ఉందని చెప్పబోతే, పొడుగ్గా ఉంది, వీపు మీద చీటీలో పట్టదంటారు.

ఆ తరవాత దేశభక్తి మొదలవుతుంది. 2022లో తూర్పుగోదావరిలోంచి కోనసీమ విడిపోయింది. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అయింది. మంచిదే. ఇంక కేటలాగులో అమలాపురం పక్కన ఎక్కడ తూర్పుగోదావరి ఉన్నా మార్చెయ్యమంటారు. పుస్తకం ఎక్కడ అచ్చయిందో రాసేటప్పుడు ముఖపత్రం మీద ఏముంటే అదే దించాలన్నది కేటలాగు నియమం. ఆ గడి ఆ పుస్తకం పుట్టుమచ్చ. గోదావరి జిల్లాకి తూర్పుగోదావరి అన్న పేరు వచ్చింది 1925లో. అంతకుముందు అచ్చయిన పుస్తకంలో ఊరి పక్కన గోదావరి జిల్లా అనే ఉంటుంది. మూకుమ్మడి సవరణ చేస్తే 1910 నాటి పుస్తకం కూడా 2022లో పుట్టిన జిల్లాలో అచ్చవుతుంది. మన ముద్రాపకులు కాలజ్ఞానులని రేపు ఎవరో పీహెచ్‌డీ చేస్తారు. చెయ్యాల్సిన పని వేరే ఉంది. పాత గడిని ముట్టకుండా, ఇప్పటి జిల్లా పేరుని ఇంకో గడిలో చేర్చాలి. అదీ మూకుమ్మడిగానే చెయ్యచ్చు. రెండిటికీ ఒకే మీట, ఒకే క్షణం. తేడా అంతా కుర్చీలో కూర్చున్న బుర్రలో ఉంది.

మన ఊరివాళ్ల పుస్తకం ఒక్కటి తీసుకుందాం. బోయి భీమన్న గారిది మన కోనసీమ, మామిడికుదురు. గుడిసెలు కాలిపోతున్నై కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. చివర ఉన్నది “న్నై”. స్పెల్లింగు సైనికుడి చేతికి ఇది చిక్కిందా, “న్నాయి” అని దిద్ది తన భాషాసేవ ముగిస్తాడు. కవి రాసిన పేరుతో వెతికినవాడికి కవి దొరకడు.

సైనికుడు సెలవులో ఉన్నా పేచీ తీరదు. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు విధాలుగా కొట్టొచ్చు. మొత్తంగా ఒకే సంకేతంతో ఒకటి, ఎత్వానికి కింద ఐత్వపు గుర్తుని విడిగా చేర్చి రెండోది. కంటికి రెండూ ఒకటే. కంప్యూటరుకి తూర్పూ పడమరా. కేటలాగులో ఒకలా ఉండి, ఫోన్లో వెతికేవాడు ఇంకోలా కొడితే, అర మీద ధూళి తింటున్న పుస్తకాన్ని ఉంచుకుని “ఫలితాలు లేవు” అని తెర చెబుతుంది. ఇలాంటి జంటలన్నిటినీ ఒకే రూపానికి తెచ్చే నార్మలైజేషన్ అనే పద్ధతి యూనికోడ్ వాళ్లే రాసిపెట్టారు. మూకుమ్మడి సవరణల్లో ఇంతకన్నా నిరపాయమైనది లేదు, ఇంతకన్నా పుణ్యమూ లేదు. కనిపించని తప్పుని కనిపించకుండా దిద్దుతుంది కనక దీనికి ప్రారంభోత్సవం పెట్టడం కుదరదు. కాబట్టి జరగదు.

పేర్ల సంగతి మరీ రసవత్తరం. తెల్లవాడికి ఇంటిపేరు చివర ఉంటుంది, తీసి ముందు పెట్టి కామా కొడతాడు. మనకి ఇంటిపేరు ముందే ఉంటుంది. అయినా ఎక్కడో నేర్చుకున్న నియమం ప్రకారం చివరి మాటని ముందుకి లాగుతారు. దాంతో “సత్యనారాయణ, విశ్వనాథ” అనే కొత్త రచయిత పుడతాడు. సత్యనారాయణ వారి వంశం తెలుగునాట ఇంత పెద్దదా అని ఎవడైనా ఆశ్చర్యపోతే తప్పు వాడిది కాదు. ఓపెన్‌రిఫైన్ ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది. పేరులోని కామాలు, చుక్కలు తీసేసి, మాటలని అక్షరక్రమంలో పేర్చి, అలా పేర్చాక ఒకేలా ఉన్నవాటిని ఒక గుంపు చేసి చూపిస్తుంది. తలకిందులైన విశ్వనాథా, తిన్నగా ఉన్న విశ్వనాథా ఒకే చోట కనబడతారు. ఉచ్చారణని బట్టి పోల్చే పద్ధతులు కూడా ఉన్నాయి గానీ, అవి ఇంగ్లీషు చెవులతో, జర్మన్ చెవులతో తయారైనవి. థకీ ధకీ తేడా వాటికి పట్టదు. గ్రంథాలయం బోర్డు మీద గ్రంధాలయం అని రాయించుకున్న మనకీ పట్టదు కనక ఆ విషయంలో యంత్రాన్ని నిందించే హక్కు మనకి లేదు.

గుంపులు చూపించడం దాకానే యంత్రం పని. కలపాలా వద్దా అని అది మనల్ని అడుగుతుంది. అడిగిన దానికల్లా సరే అనేవాడు కూర్చుంటే గోవిందా. శ్రీపాద కృష్ణమూర్తి శాస్త్రి గారు భారత, భాగవత, రామాయణాలని ఒంటిచేత్తో తెనిగించిన మహాపండితుడు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు వితంతు వివాహాల మీద వాడుక భాషలో కథలు రాసి ఛాందసుల చేత తిట్లు తిన్న మనిషి. ఇద్దరూ రాజమండ్రిలో కాపురమున్నవాళ్లే. ఒకాయన 1960లో పోయారు, ఇంకొకాయన 1961లో పోయారు. ఇంటిపేరు ఒకటే, చివర శాస్త్రి ఒకటే, ఊరు ఒకటే. “కలిపెయ్” అన్నాడంటే, ఒకదానికొకటి పొసగని రెండు దృక్పథాలు ఒక మీట దెబ్బకి ఒకే ఒంట్లో కాపురం పెడతాయి. తిరుపతి వేంకట కవుల దగ్గర ఇది తిరగబడుతుంది. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి అనే ఇద్దరు కోరి ఒక్కరైతే, మన నియమం వాళ్లని “కవులు, తిరుపతి వేంకట” అని రాసి, కవులు వారి ఇంటి పిల్లాడిగా రేషన్ కార్డిస్తుంది.

కార్డుల కాలంలో పెద్దవాళ్లు దీనికి చక్కటి ఉపాయం పెట్టుకున్నారు. శ్రీరంగం శ్రీనివాసరావు అని ఉన్న చోట “శ్రీశ్రీ చూడుము” అని ఒక కార్డు పెట్టేవారు. ఒక మనిషికి ఒక పేరు ఖాయం చేసి, మిగతా పేర్లన్నిటినీ దాని గుమ్మంలోకి పంపడం. కంప్యూటర్లో దాన్ని అధికార పట్టిక అంటారు. కోహాలో దానికి గడులు సిద్ధంగా ఉన్నాయి. నింపాల్సినవాడు మాత్రం ముప్ఫై ఏళ్ల సర్వీసు ముగించుకుని, శాలువా కప్పించుకుని ఇంటికెళ్లాడు. ఆయన కుర్చీలో ఇంకా ఎవరూ కూర్చోలేదు. ఎందుకు కూర్చోలేదని అడిగితే వచ్చే సమాధానం వినండి: “ఇప్పుడంతా సాఫ్ట్‌వేరే చేస్తుంది కదండీ. అదీ ఉచితం.”

ఈ ఒక్క వాక్యంలో ఉంది మన గ్రంథాలయ విధానమంతా. సాఫ్ట్‌వేర్ ఉచితం కాబట్టి మనిషి కూడా ఉచితమే కావాలట. దొరక్కపోతే అక్కర్లేదట. లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ అయితే నడపడానికి ఒకణ్ణి పెట్టేవాళ్లేమో, డబ్బు వృథా అవుతుందన్న భయం కొద్దీ. ఊరికే వచ్చింది కదా, ఊరికే పడి ఉండనీ.

ఇది ఏ నేల మీద జరుగుతోందో గుర్తుచేసుకుంటే సిగ్గు ఇంకాస్త ఎక్కువవుతుంది. తూర్పుగోదావరి జిల్లా కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారు కాళ్లు అరిగేలా తిరిగి గ్రంథాలయాలని ఉద్యమంగా మార్చారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా పడవలో గ్రంథాలయం నడిపారు. గట్టున నిలబడ్డ రైతుకి పుస్తకం అందించడానికి వాళ్ల దగ్గర ఏ సాఫ్ట్‌వేరూ లేదు. తెడ్డు పట్టుకున్నవాడికీ, ఏ పుస్తకం ఎవరికివ్వాలో తెలిసినవాడికీ అందులో చోటుండేది. ఇప్పుడు మన దగ్గర పడవ ఉచితం, కాలువ ఉచితం, తెడ్డు ఉచితం. నడిపేవాణ్ణి మాత్రం దింపేశాం.

డబ్బు లేదనకండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ముక్తేశ్వరంలో పెంకుటిల్లు ఉన్నవాడూ, రాజోలులో మేడ ఉన్నవాడూ, పుస్తకం ముట్టినా ముట్టకపోయినా ఇది కడుతున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉచితమేమో గానీ గ్రంథాలయం మాకేం ఉచితం కాదండి. మేం ముందే కొనుక్కున్నాం. పైసలు పుచ్చుకుని, పుస్తకం అరలో పెట్టుకుని, పేరు తప్పురాసి, లేదని చెప్పి పంపెయ్యడాన్ని కొట్లో చేస్తే మోసమంటారు, ఆఫీసులో చేస్తే సాంకేతిక లోపమంటారు.

కాబట్టి అయ్యలారా, మాకు కొత్త భవనం వద్దు. గ్రంథాలయ వారోత్సవాల్లో వక్తృత్వ పోటీ బహుమతులు కూడా వద్దు. ప్రతి గ్రంథాలయం కేటలాగుని ఒక మామూలు ఫైలుగా జనం ముందు పెట్టండి. తప్పులు పట్టడంలో మా గోదారి వాళ్లని మించినవాళ్లు లేరు, ఆ పని జీతం లేకుండా, ఎటకారంతో సహా చేసిపెడతాం. సవరించే ముందు నకలు తియ్యమనండి. సవరించాక ఏం మార్చారో రాసిపెట్టమనండి. అధికార పట్టిక నింపడానికి, తెలుగు పుస్తకం చదివే అలవాటున్న ఒక మనిషికి జిల్లాకొక ఉద్యోగమివ్వండి.

అప్పటికీ ప్రారంభోత్సవం చెయ్యాలని చెయ్యి దురదపెడితే, మంత్రిగారి చేతికి కత్తెర ఇచ్చే ముందు ఒక కంప్యూటరు ఇవ్వండి. బోయి భీమన్న, శ్రీపాద ఇద్దరూ, శ్రీశ్రీ, తిరుపతి వేంకట కవులు. ఈ పేర్లు ఆయన స్వయంగా, తెలుగులో కొట్టి వెతకాలి. అన్నీ దొరికితే రిబ్బను కత్తిరించమనండి, చప్పట్లు మేమే కొడతాం. దొరక్కపోతే ఆ సభ ఖర్చు, శాలువాల ఖర్చు, ఫ్లెక్సీల ఖర్చు కూడి చూడండి. ఒక కేటలాగరు జీతం కన్నా తక్కువొస్తే మాకు చెప్పండి, మిగతాది మేం చందాలు వేసుకుంటాం.